గ్రూపు కలిసినా కలవని నెత్తురు

నెగడు కాడికి జరుగు బిడ్డా, చలి ఎక్కువున్నది. పొద్దుగాల నువ్వు అడిగినదానికి అప్పుడు చెప్పలే, ఇప్పుడు తీరిగ్గ చెప్త. "ఓ పాజిటివ్‌కు ఓ పాజిటివ్ ఎక్కిస్తే అయిపాయె గద తాతా, మల్ల ఇన్ని పరీక్షలు దేనికి?" అన్నవ్. ల్యాబ్ కోర్సుల చేరిన పిల్లవు, నీకే గట్ల అనిపిస్తే దవాఖాన వరండాల కూసున్న మనిషికి అనిపియ్యదా?

ఎ, బి, ఓ, ఆర్‌హెచ్ అని మనం చెప్పుకునేటివి పైపైవే. ఎర్రకణం మీద ఇప్పటిదాంక లెక్కకెక్కిన యాంటిజెన్లు మూడు వందల యాభైకి పైన ఉన్నయ్. వాటిని నలభైకి మించిన వరుసలల్ల సర్దిండ్రు. కెల్, డఫీ, కిడ్ అని ఇనవడతయ్ సూడు, అవన్నీ ఆ యాంటీబాడీ మొదటిసారి ఎవరి ఒంట్ల దొరికిందో వాళ్ల ఇంటి పేర్ల మీద పెట్టినవే. మన కణాల మీద లేని యాంటిజెన్ ఇంకొకరి నెత్తురుతోని లోపటికొస్తే కొందరి ఒళ్లు దానికి ఎదురుగ యాంటీబాడీ తయారు చేస్తది. ఎక్కించిన నెత్తురుతోనే కాదు, కడుపుల బిడ్డతోని గూడ వస్తది. బిడ్డ నెత్తుర్ల తండ్రి గుణం ఉంటది గద. ఒకసారి తయారైందంటే, అదే యాంటిజెన్ ఉన్న నెత్తురు మల్ల ఎక్కిస్తే ఆ కణాలను పగలగొట్టి పారేస్తది. మనిషికి కామెర్లయితయ్, ఒంటేలు నల్లటి ఛాయ్ రంగుల వస్తది, కిడ్నీలు పోవచ్చు, పాణం గూడ పోవచ్చు.

నేను నౌకరిల చేరిన కొత్తల నెత్తురు గాజు సీసాలల్ల ఉండేది. రబ్బరు గొట్టాలు కడిగి, ఉడకవెట్టి, మల్ల వాడేటోళ్లం. పైసలకు నెత్తురు అమ్ముకునేటోళ్లు గేటు కాడ వరుసగ కూసునేటోళ్లు. సుప్రీంకోర్టు 1996ల తీర్పిచ్చి, 1998 జనవరి నుంచి అది బందు వెట్టించింది. నా కండ్ల ముందట జరిగిన మంచి పనులల్ల అదొకటి. అప్పట్ల చాన కాడ క్రాస్‌మ్యాచ్ అంటే రోగి సీరం, దాత కణాలు సెలైన్ల కలిపి చూసుడే. గుత్తులు కట్టకుంటే 'కలిసింది' అని రాసేటోళ్లు. ఎ, బి తేడా వస్తే గట్లనే దొరుకుతది. గని నేను చెప్పే యాంటీబాడీలు ఎక్కువగ ఐజీజీ రకం. అవి పోయి కణానికి అతుక్కుంటయ్, అంతే. రెండు కణాలను దగ్గరికి గుంజి గుత్తి కట్టే బలం వాటికి లేదు. కంటికి అంత మంచిగనే కనవడతది. సీసా ఎక్కినంక బయటపడతది.

దీని ఎనక పెద్ద కథ ఉన్నది, ఇను. లాండ్‌స్టీనర్ అనే ఆయన వియన్నాల ఎ, బి, ఓ సంగతి 1901ల చెప్పిండు, 1930ల ఆయనకు నోబెల్ వచ్చింది. లోకమంత ఇగ గండం గట్టెక్కిందనుకున్నది. గని గ్రూపు కలిసిన నెత్తురు ఎక్కిచ్చినా అక్కడొకరికి ఇక్కడొకరికి ప్రాణం మీదికి వస్తనే ఉండె. 1939ల అమెరికాల లెవీన్, స్టెట్సన్ అని ఇద్దరు డాక్టర్లు ఒక తల్లి ముచ్చట అచ్చేసిండ్రు. ఆమెకు కడుపుల బిడ్డ చచ్చిపోయి పుట్టింది, నెత్తురు మస్తు పోయింది. పెనిమిటి గ్రూపు గూడ అదే అని ఆయన నెత్తురు ఎక్కిచ్చిండ్రు. ఎక్కంగనే ఒళ్లంత వణుకు. అప్పుడు లెవీన్ ఆమె సీరం తీసుకొని, గ్రూపు కలిసిన 104 మంది నెత్తురుతోని చూసిండు. 80 మందితోని పడలేదు! అంటే నూటికి డెబ్బయి ఏడు మందిల ఉన్న గుణమేదో ఆమెల లేదు, ఆ గుణం తండ్రి నుంచి బిడ్డకొచ్చి, బిడ్డ నుంచి తల్లి ఒంటికి తెలిసింది. మనం ఇప్పుడు ఆర్‌హెచ్ పాజిటివ్, నెగెటివ్ అంటున్నమే, ఆ సంగతే అది. నీకు ఎన్ని పరీక్షలు చెప్పినా ఈ తల్లి ముచ్చట మాత్రం మర్వకు. బిడ్డను పోగొట్టుకున్న ఒక ఆడిమనిషి నెత్తురు నుంచి ఆ ఇద్దరు ఇంత ఎరుక తెచ్చిండ్రు.

అతుక్కొని కనవడకుండ ఉన్న యాంటీబాడీని పట్టే ఉపాయం మాత్రం 1945ల వచ్చింది, ఇంగ్లండ్‌ల. రాబిన్ కూంబ్స్ చదివింది పశువుల వైద్యం. యుద్ధం నడుస్తున్న రోజులు, లండన్ నుంచి కేంబ్రిడ్జికి రాత్రి రైలుల పోతున్నడు. డబ్బాల దీపాలు మసక మసక, చదువుదామంటే అక్షరం కనవడదు. అట్ల కూసోని ఆలోచన చేస్తుంటే ఆయన మనసుల బొమ్మ కట్టింది: కణానికి అతుక్కున్న యాంటీబాడీ గూడ ఒక ప్రొటీనే గద, ఆ ప్రొటీన్‌ను పట్టుకునే ఇంకో యాంటీబాడీని పైనుంచి పోస్తే రెండు కణాల నడుమ వంతెన పడి గుత్తి కట్టాలె! కుందేలుకు మనిషి ప్రొటీన్ ఎక్కిస్తే దాని ఒంట్ల అసొంటి యాంటీబాడీ తయారైతది. మోరాంట్, రేస్ అనేటోళ్లతోని కలిసి చేసి సూపిచ్చిండు. ఇటలీ డాక్టరు మొరెస్కి ఈ కిటుకే 1908ల రాసిపెట్టిండని తర్వాత తేలింది, ఎవరూ పట్టిచ్చుకోలే. మన ల్యాబుల 'కూంబ్స్ టెస్టు' అనేది అదే. ఆ పరీక్ష వచ్చిన రెండేండ్లల్లనే లూథరన్, కెల్, లూయిస్ వచ్చినయ్. 1950ల డఫీ, 1951ల కిడ్.

మాకు ఆ పరీక్ష చేతితోని చెయ్యాలంటే ఓపిక కావాలె. సీరం, కణాలు ట్యూబుల కలిపి 37 డిగ్రీల నీళ్ల తొట్టిల పెడతవ్. తర్వాత బియ్యం కడిగినట్టు సెలైన్ పోసి, తిప్పి, వంపేసి, మల్ల పోసి, మూడు నాలుగు సార్లు కడగాలె. ఆ కడుగుడు కాడనే పని చెడిపోతది. కణాలకు అతుక్కోని ప్రొటీన్ రవ్వంత మిగిలినా, మనం పోసే కూంబ్స్ సీరం దాన్ని పట్టుకొని అక్కడనే ఖతమైతది, కణాల దాంక రాదు. పరీక్ష నెగెటివ్ అని చూపెడతది, అది అబద్ధం. అందుకే ప్రతి నెగెటివ్ ట్యూబుల యాంటీబాడీ అంటించి పెట్టుకున్న కణాలు ఒక చుక్క ఎయ్యాలె. అవి గుత్తి కడితేనే నీ నెగెటివ్ నిజం. కట్టకపోతే మొదటికెళ్లి చెయ్యాలె. రాత్రి రెండు గంటలైనా సరే, చెయ్యాలె.

చూసుడు గూడ ఒక విద్యే. ట్యూబును సెంట్రిఫ్యూజు నుంచి తీసి, అడుగున కూసున్న ఎర్ర బొత్తాన్ని కదిలియ్యకుండ వెలుగు ముందట పట్టాలె. మెల్లగ వంచాలె. ఒక్క గడ్డ లెక్క లేస్తే నాలుగు ప్లస్. ముక్కలు ముక్కలుగ లేస్తే రెండు, మూడు. పొగ లెక్క జారిపోతే నెగెటివ్. ఆ జారేటప్పుడు అంచుకు ఇసుక రేణువులసొంటివి కనవడితే అక్కడ ఆగాలె. గట్టిగ ఊపినవంటే ఆ రేణువులు చెదిరిపోతయ్, యాంటీబాడీ గూడ నీ చేతులకెళ్లి జారిపోతది.

ఇగ అసలు ముచ్చట. తొంభైల మొదట్ల ఉట్నూరు దిక్కు నుంచి ఒక గోండు తల్లి మా కాడికొచ్చింది. సికిల్‌సెల్ జబ్బు. హిమోగ్లోబిన్ నాలుగు. కండ్లు పసుపు పచ్చగ ఉన్నయ్. పది పదిహేను రోజుల కింద ఏదో దవాఖానల రెండు సీసాలు ఎక్కిచ్చిండ్రు, ఆ కాయితం మీద 'ఓ పాజిటివ్' అని తప్ప ఇంకొక్క అక్షరం లేదు. ఎక్కిచ్చినప్పుడు ఏం కాలేదంట. వారం దాటినంక జ్వరం, కామెర్లు, నల్ల ఒంటేలు. ఎక్కిన నెత్తురంత కరిగిపోయి, ముందుకంటె తక్కువకొచ్చింది. మా ఫ్రిజ్‌ల ఉన్న ఓ సీసాలు ఒక్కటొక్కటే కలిపి చూసినం. ఏదీ కలువలే.

నేను సీరం పక్కకు వెట్టి, ముందుగాల మనుషులతోని మాట్లాడిన. నీకు ఎప్పటికీ చెప్పేది ఇదే బిడ్డా, ట్యూబు పట్టే ముందు నోరు తెరిచి అడుగు. ఆమెకు తెలుగు సరిగ రాదు, పెనిమిటి భయపడి ఏమడిగినా తలకాయ ఊపుతున్నడు. మా వార్డు ఆయాలల్ల ఒకామెకు గోండి వచ్చు, ఆమెను పిలిపిచ్చిన. అప్పుడు అత్త చెప్పింది. మొదటి కాన్పు మంచిగనే అయింది. ఆ కాన్పుల నెత్తురు ఎక్కిచ్చిండ్రు. రెండో బిడ్డ పుట్టిన దినమే పసుపు పచ్చగ అయ్యి, మూడో నాటికి పోయిండు. ఊర్ల గాలి సోకిందనుకున్నరు. ఆ మాట ఇనంగనే నాకు సగం జవాబు దొరికినట్టయింది. ఆ పసిపిల్లగాణ్ణి తీసుకపోయింది తల్లి ఒంట్ల ఉన్న యాంటీబాడీ కావచ్చు. ఒకామె నోటి మాట ఇంకొకామె తర్జుమా చేస్తే మాకు దొరికిన ఆ నాలుగు ముక్కలు ఏ మిషనూ చెప్పేది కాదు.

ప్యానెల్ అంటే ఏందో చెప్త. పది పదకొండు మంది ఓ గ్రూపు దాతల కణాలు, ఎవల కణం మీద ఏ యాంటిజెన్లున్నయో, ఏవి లేవో ముందుగాలనే తేల్చి ఒక పెద్ద కాయితం మీద ప్లస్, మైనస్ రాసి ఉంటది. పరదేశం నుంచి మంచుల పెట్టి వచ్చే ప్యానెల్ నెల రోజులకు పాడైతది, పైసలు బాగ అయితయ్. అందుకని మేము మా స్టాఫ్‌ల ఓ గ్రూపోళ్ల కణాలు తేల్చి సొంత ప్యానెల్ కట్టుకున్నం. తెలవని గుణాలకు బొంబాయికి శాంపిల్ పంపేటోళ్లం, థర్మాస్‌ల మంచుగడ్డలేసి. అక్కడ పరేల్‌ల 1957ల పెట్టిన బ్లడ్ గ్రూప్ రెఫరెన్స్ సెంటర్ దేశానికంతటికి దిక్కు. ఆ బొంబాయిలనే 1952ల భెండే డాక్టరు, ఆయనతోటోళ్లు చూడనీకి ఓ లెక్క కనవడుతూ ఏ ఓ నెత్తురుతోనీ కలువని మనుషుల సంగతి లోకానికి చెప్పిండ్రు. వాళ్లల్ల అందరికి ఉండే హెచ్ యాంటిజెనే లేదు. దానికే 'బాంబే గ్రూప్' అని పేరొచ్చింది, మన దేశంల పదివేలల్ల ఒకరికి ఉంటదంటరు. ఈ తల్లి గూడ గట్ల కావొచ్చా అని మొదలు అదే చూసినం, కాదు.

ఆమె సీరం ప్యానెల్ మీద పోస్తే దాదాపు అన్ని కణాలూ పట్టుకున్నయ్. ఒక్క కణం మాత్రం వదిలేసింది. పట్టుకున్నయ్ గూడ ఒక్క తీరుగ లేవు. కొన్ని నాలుగు ప్లస్, కొన్ని ఒకటి. బలంల తేడా ఉంటే ఒక్క యాంటీబాడీ కాదు, రెండు మూడు కలిసి కూసున్నయని అనుమానపడాలె. వదిలేసిన ఆ కణం కాయితం చూస్తే దాని మీద 'చిన్న సి' లేదు, 'డఫీ ఎ' లేదు. ఆర్‌హెచ్ వరుసల పెద్ద సి వేరు, చిన్న సి వేరు, యాదికున్నది గద. అయితే ఒక్క కణం సాక్ష్యం సాలదు. ఏ యాంటీబాడీ అని ఒప్పుకోవాలన్నా ఆ యాంటిజెన్ ఉన్న మూడు కణాలన్నా పట్టాలె, లేని మూడన్నా వదలాలె. అది మా గురువులు నేర్పిన లెక్క.

అందుకే పపైన్ తీసినం. బొప్పాయి పాల నుంచి వచ్చే ఎంజైమే అది. కణాలకు పపైన్ పట్టిస్తే డఫీ యాంటిజెన్ కొట్టుకపోతది, ఆర్‌హెచ్‌వి ఇంకింత బలంగ పట్టుకుంటయ్. పట్టిచ్చి చూస్తే కాయితం మీద బొమ్మ తేటపడింది! చిన్న సి ఉన్నయన్నీ గట్టిగ పట్టినయ్, లేనియన్నీ వదిలినయ్. మల్ల చిన్న సి ఉండి డఫీ ఎ లేని కణాలతోని ఆమె సీరంల ఉన్న యాంటీ చిన్న సిని పీల్చేసినం. మిగిలిన సీరం మామూలు ప్యానెల్ మీద పోస్తే, డఫీ ఎ ఉన్నయే పట్టినయ్. రెండు యాంటీబాడీలు వేరువేరుగ కనవడ్డయ్. కెల్, కిడ్, ఎస్, ఇట్ల మిగిలినవి లేవని గూడ ఒక్కొక్కటి కొట్టేసుకుంట వచ్చినం. పెద్ద ఇ ఒక్కటి తేలలే, ఎందుకంటె మా ప్యానెల్‌ల పెద్ద ఇ ఉన్న కణాలన్నింటికీ చిన్న సి గూడ ఉన్నది. దానికి రంధి పడలే. చిన్న సి లేని దాతలల్ల పెద్ద ఇ ఉండుడు చాన అరుదు.

ఇంకో తాళం మిగిలింది. ఆమె సొంత కణాల మీద ఆ రెండు యాంటిజెన్లు నిజంగ లేవా? లేకుంటేనే యాంటీబాడీ తయారైతది. గని ఆమె ఒంట్ల ఇంకా దాతల కణాలు కలిసున్నయ్, ఎవల కణం చూస్తున్నమో ఎట్ల తెలవాలె? సికిల్‌సెల్ రోగులకు ఒక ఉపాయం ఉన్నది. మామూలు సెలైన్‌ల ఉప్పు నూటికి 0.9. దాన్ని 0.3కు పలచన చేసి ఆ నీళ్లతోని కడిగితే మామూలు కణాలు ఉబ్బి పగిలిపోతయ్. సికిల్ కణాలు పగలవు. పైన నీళ్లు ఎర్రగ వచ్చినంత సేపు కడిగినం. తేట నీళ్లు వచ్చినంక అడుగున మిగిలినయే ఆమెవి. పొద్దంత ఆమెను బతకనియ్యని ఆ వంకర కణాలే ఆ రాత్రి మాకు జవాబు చెప్పినయ్. చిన్న సి లేదు, డఫీ ఎ లేదు.

పేరు తెలిసింది, మల్ల నెత్తురేది? మన దేశంల చిన్న సి లేనోళ్లు నూటికి నలభై మంది దాంక ఉంటరు. డఫీ ఎ లేనోళ్లు నూటికి పన్నెండు పదమూడు మంది. రెండూ లేనోళ్లంటే ఒకదాంతోని ఒకటి గుణిస్తే నూటికి ఐదుగురు. అది గూడ ఓ గ్రూపుల. యాంటీ చిన్న సి సీరం మా కాడ ఉండె, దాంతోని మొదలు జల్లెడ పట్టి, మిగిలినోళ్లనే డఫీకి చూసినం. ఖరీదైన డఫీ సీరం గట్ల కాపాడుకున్నం. ఆమె అన్నదమ్ములను గూడ పిలిపిచ్చినం. అసొంటి అరుదైన జోడీ దొరికే ఆశ తోడబుట్టినోళ్లల్లనే ఎక్కువ. ఒక తమ్ముడు గ్రూపే కలువలే, ఇంకొకడు సికిల్ జబ్బోడే. ఆఖరికి దాతల శిబిరంల నెత్తురిచ్చిన ఒక ఆర్టీసీ కండక్టర్ కలిసిండు, ఒక కాలేజీ పిల్లగాడు కలిసిండు. ఆ రెండు సీసాలు కూంబ్స్ దాంక తీసి మూడు మార్లు చూసినం. మెల్లగ ఎక్కిచ్చిండ్రు. హిమోగ్లోబిన్ ఆరు దాటింది, నిలవడ్డది.

గని బిడ్డా, యాంటీబాడీ దొరికినంత మాత్రాన పని అయిపోదు. యాంటీబాడీలు కొన్ని నెలలకు, ఏండ్లకు సీరంల సన్నగిల్లిపోతయ్, పరీక్షకు అందవు. కిడ్ యాంటీబాడీలయితే మరీ. ఒళ్లు మాత్రం మర్వదు. ఆ యాంటిజెన్ మల్ల వచ్చిందంటే రోజులల్లనే పెద్ద ఎత్తున తయారు చేస్తది. ఆమెకు ఆ వారం తర్వాత జ్వరం వచ్చింది అందుకే. మాటిమాటికి నెత్తురు ఎక్కిచ్చుకునే తలసీమియా పిల్లలకు, సికిల్ పిల్లలకు మొదటి సీసాకు ముందే ఈ గుణాలు తేల్చి రాసి పెట్టాలె, వీలైతే ఆర్‌హెచ్, కెల్ గూడ కలిసిన నెత్తురే ఇయ్యాలె అని నేను రిటైరయ్యేదాంక కొట్లాడిన. ఇప్పటికీ చాన కాడ యాంటీబాడీ స్క్రీనింగే చెయ్యకుండ సీసా ఇస్తున్నరు, నాకు కడుపుల మండుతది.

ఇప్పుడు మీకు జెల్ కార్డులున్నయ్, మిషన్లున్నయ్, జీన్ చూసి యాంటిజెన్ చెప్పే పరీక్షలున్నయ్. కొత్త చిక్కులు గూడ వచ్చినయ్. మైలోమా క్యాన్సర్‌కు ఇచ్చే డారాటుముమాబ్ అనే మందు ఎర్రకణాల మీది సీడీ38కి అతుక్కొని, ప్యానెల్ మొత్తం పాజిటివ్ చూపెడతది. డీటీటీతోని కణాలను కడిగితే ఆ మందు గోల పోతది. గని డీటీటీ కెల్ యాంటిజెన్‌ను గూడ చెడగొడతది, అందుకని వాళ్లకు కెల్ లేని సీసానే ఇస్తరు. ఏ మందు తింటున్నరని అడగకుంటే ఆ ప్యానెల్ ముందట రాత్రంత కూసున్నా తేలది.

ఆ తల్లికి పోయేటప్పుడు గట్టి అట్టముక్క మీద తెలుగుల, ఇంగ్లీషుల రాసిచ్చినం: ఓ పాజిటివ్, యాంటీ చిన్న సి, యాంటీ డఫీ ఎ, నెత్తురు ఎక్కిచ్చే ముందు ఈ కార్డు సూపెట్టాలె. ఆయాతోని గోండిల మూడు సార్లు చెప్పిచ్చినం. కొన్నేండ్లకు మల్ల వచ్చింది, నెత్తురు పడిపోయి. మా కొత్త పిల్లగాడు స్క్రీనింగ్ చేసిండు, శుద్ధంగ నెగెటివ్. "ఏం లేదు సార్, ఏ ఓ సీసా అయినా ఇయ్యొచ్చు" అన్నడు. వాని పరీక్షల తప్పేం లేదు, యాంటీబాడీలు అప్పటికి అందనంత తగ్గినయ్. అత్త కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్ల చుట్టిన ఆ కార్డు తీసి బల్ల మీద వెట్టింది. ఫ్రిజ్‌ల ఉన్న సీసాలు పక్కకు వెట్టి దాతల రిజిస్టర్ తెరిచినం. కాలేజీ పిల్లగాడు ఉద్యోగం మీద దూరం పోయిండంట. కండక్టర్ కోసం డిపోకు కబురు పంపినం, డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చి చెయ్యి సాపిండు.